కనబడని దేవుడు, నిలవని మనసు

ప్రార్థనకు కూర్చుని కళ్ళు మూసుకున్న మూడో నిమిషానికే చెయ్యి ఫోన్ వైపు పోవడం నాకు కొత్త కాదు. అది మోగదు, మెసేజ్ వచ్చిన సూచన కూడా ఉండదు. అయినా చెయ్యి పోతుంది. ఎదురుగా పెద్దమనిషి ఒకరు కూర్చుని ఉంటే ఇలా చేస్తానా? చెయ్యను. దేవుడు కనబడడు గనకే ఈ చనువు. ఈ మాట ఎవరితోనైనా అంటే తలూపుతారు, ఊపి మరో రెండు మాటలు కలుపుతారు. "ఎంత ప్రార్థించినా అటునుంచి జవాబు లేదు" అని ఒకటి, "ఈ కాలంలో మనసు నిలిపేదెలా" అని ఇంకొకటి.

వినడానికి అంతా ఒకే ఫిర్యాదులా ఉంటుంది. నిజానికి ఇందులో మూడు చిక్కులు ముడిపడి ఉన్నాయి. దేవుడు కనబడకపోవడం ఒకటి. దేవుడు పలకనట్టు అనిపించడం మరొకటి. మనమే అక్కడ లేకపోవడం మూడోది. మొదటిది దేవుడెవరన్న ప్రశ్న, రెండోది బాధ, మూడోది అలవాటు. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకొకదానికి వేస్తే ఉన్న నొప్పి పెరుగుతుంది. ఏళ్ళ తరబడి దేవుడి మౌనంతో పోరాడుతున్న ఒకావిడతో "ఫోన్ పక్కన పెట్టమ్మా, దేవుడు తప్పకుండా మాట్లాడతాడు" అని ఎవరో చెబుతుంటే విన్నాను. చెప్పినవారి ఉద్దేశం మంచిదే. విన్నావిడ ముఖం మాత్రం నాకింకా గుర్తుంది.

మొదటి చిక్కు చాలా పాతది. క్రీస్తుపూర్వం 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేమును పట్టుకుని, దేవాలయంలోని అతిపరిశుద్ధ స్థలంలోకి నడిచి వెళ్ళాడు. అక్కడికి ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ వెళ్ళకూడదు, ఆయనైనా ఏడాదికి ఒక్క రోజే. ఇంత కట్టుదిట్టంగా కాపాడుకునే దేవుడి రూపం ఎలా ఉంటుందోనని ఏ రోమన్‌కైనా అనిపిస్తుంది. లోపల దేవుడి బొమ్మ ఏదీ లేదని, గది ఖాళీ అని చరిత్రకారుడు టాసిటస్ తర్వాత రాశాడు. కళ్ళతో దేవుళ్ళను చూడడం అలవాటైన సామ్రాజ్యానికి ఆ ఖాళీ గది అర్థం కాలేదు.

ఆ గదిలోని దేవుణ్ణే నమ్మిన తొలి క్రైస్తవులకూ అదే అనుభవం ఎదురైంది. విగ్రహం లేదు, బలిపీఠం లేదు, ఊరి పండుగల్లో పాల్గొనడం లేదు. చుట్టుపక్కలవాళ్ళు వాళ్ళకు పెట్టిన పేరు నాస్తికులు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోమన్ చక్రవర్తికి విజ్ఞాపన రాస్తూ ఈ నిందకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. స్ముర్నలో ముసలి బిషప్ పోలికార్పును జనం మధ్య నిలబెట్టి "నాస్తికులు పోవాలి" అనమని అధికారి ఒత్తిడి చేశాడు. తోటి క్రైస్తవులను తిట్టించాలని అతని ఎత్తు. పోలికార్పు చుట్టూ అరుస్తున్న గుంపు వైపు చెయ్యి ఊపి, నిట్టూర్చి, ఆ మాటే అన్నాడు. కాబట్టి దేవుడు కనబడడన్నది సైన్సు వచ్చాక పుట్టిన ఇబ్బందేం కాదు. క్రైస్తవ విశ్వాసం ఆ నిందతోనే పెరిగింది.

కనబడకపోవడం అంటే దాక్కోవడమని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఇంట్లో ఎక్కడో పడిపోయిన తాళంచెవి కనబడదు. వెతికితే దొరుకుతుంది, ఎందుకంటే అది ఇంట్లో ఉన్న వస్తువుల్లో ఒక వస్తువు. దేవుడు ఈ లోకంలో ఒక వస్తువు కాదన్నది క్రైస్తవ సిద్ధాంతం మొదటి నుంచీ చెబుతున్న మాట. 325లో నైసీయలో కూడిన సభ తయారు చేసిన విశ్వాస ప్రమాణం దేవుణ్ణి దృశ్యమైనవాటికీ అదృశ్యమైనవాటికీ సృష్టికర్త అంటుంది. ఆ వాక్యాన్ని ప్రతి ఆదివారం గడగడా చెప్పేసేవాళ్ళం దాని పదును గమనించం. కనబడేవి ఒక అరలో, కనబడనివి మరో అరలో పెడితే దేవుణ్ణి రెండో అరలో పెట్టాలని మనకు తోస్తుంది. ప్రమాణం ఆ రెండు అరలనూ సృష్టి వైపే ఉంచింది. దేవదూతలు కనబడకపోయినా వాళ్ళూ సృష్టే. దేవుడు ఏ అరలోనూ పట్టడు.

ప్రసంగాల్లో తరచూ వచ్చే ఒక ఉదాహరణతో నాకు పేచీ అందుకే. "వైఫై కనబడుతుందా? కనబడదు. ఉందా లేదా? దేవుడూ అంతే." వినగానే చప్పట్లు పడతాయి. కానీ వైఫైని కొలవడానికి పరికరం ఉంది, సిగ్నల్ ఎన్ని గీతలుందో తెర మీదే కనబడుతుంది. దేవుడికి అలాంటి మీటరు లేదు, ఉంటుందని బైబిల్ ఎక్కడా మాట ఇవ్వలేదు. ఆ పోలిక విని పెరిగిన పిల్లలు ఏదో ఒక రోజు ఆ మీటరు అడుగుతారు. యేసు నీకొదేము అనే యూదు పెద్దతో గాలి గురించి మాట్లాడిన మాట నిజమే. గాలి ఎక్కడినుంచి వస్తుందో ఎక్కడికి పోతుందో నీకు తెలియదన్నాడు. అది ఆత్మ ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదని చెప్పడానికి తెచ్చిన ఉపమానం. దేవుడున్నాడని రుజువు చేయడానికి కాదు.

మరి కనబడని దేవుడితో సంబంధం ఎలా? బైబిల్ చెప్పే దారి చెవి. ద్వితీయోపదేశకాండము నాలుగో అధ్యాయంలో మోషే జనానికి దేవుడు ఆజ్ఞలిచ్చిన హోరేబు కొండ దగ్గర జరిగింది గుర్తు చేస్తాడు: మీరు మాటల ధ్వని విన్నారు, ఏ రూపమూ చూడలేదు. రెండు అధ్యాయాల తర్వాత యూదులు ఈనాటికీ రోజూ పలికే ఆజ్ఞ "ఇశ్రాయేలూ వినుము" అని మొదలవుతుంది. అక్కడి హీబ్రూ క్రియకు వినడం, లోబడడం రెండు అర్థాలూ ఉన్నాయి. ఇంగ్లిష్‌లో దీన్ని వివరించడానికి ఒక పేరా కావాలి. తెలుగులో అక్కర్లేదు. "వాడు మాట వినడు" అని తల్లి అంటే పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు.

చూపుకూ వినికిడికీ ఒక తేడా ఉంది. ఈ వ్యాసమంతా ఒక రకంగా ఆ తేడా మీదే నడుస్తుంది. చూడడానికి క్షణం చాలు. వినడానికి అవతలివాళ్ళు ముగించేదాకా ఆగాలి. మన భాషలో ఇది మరీ స్పష్టం. వాక్యంలో క్రియ చివర వస్తుంది, అంతవరకూ ఆగకపోతే ఆ మనిషి వస్తానన్నాడో రానన్నాడో తెలియదు. కనబడని దేవుణ్ణి నమ్మడమంటే సగం చెప్పిన వాక్యం ముందు కూర్చోవడం. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం "విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది" అంటుంది. మనం రెండో సగం పట్టుకుని వాదిస్తాం. మొదటి సగంలో నిరీక్షణ ఉంది, అంటే ఎదురుచూపు. ఆ అధ్యాయంలో వరుసగా చెప్పిన మనుషులంతా చూడని దాని కోసం నడిచినవాళ్ళు, చాలామంది అది అందకుండానే చనిపోయినవాళ్ళు.

బంగారు దూడ కథను ఈ కోణంలో చదివితే వేరేగా వినిపిస్తుంది. నిర్గమకాండము 32లో జనం ఉన్నట్టుండి దేవుణ్ణి కాదనలేదు. కథ మొదలయ్యేది మోషే కొండ దిగకుండా "తడవు" చేయడంతో. నలభై రోజులు. ఆ మోషే ఏమయ్యాడో మాకు తెలియదు, మా ముందర నడవడానికి దేవుణ్ణి చేసిపెట్టు అని మోషే అన్న అహరోనును అడిగారు. దూడ తయారయ్యాక అహరోను ప్రకటించింది ఏ పండుగ? రేపు యెహోవాకు పండుగ అన్నాడు. పేరు మారలేదు. పేరు అలాగే ఉంచి, ఆలస్యాన్ని మాత్రం తీసేశారు. దూడ ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంది, ఎదురుచూడనక్కర్లేదు. మన కాలానికి బైబిల్లో ఇంతకంటే దగ్గరి కథ నాకు కనబడదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. క్రైస్తవులు నమ్మేది పూర్తిగా కనబడని దేవుణ్ణి కాదు కదా? యేసు కనబడ్డాడు, ముట్టుకున్నారు, ఆయనతో భోంచేశారు. కొలొస్సయులకు రాసిన పత్రిక ఆయనను "అదృశ్యదేవుని స్వరూపి" అంటుంది. ఎవరూ ఎన్నడూ దేవుణ్ణి చూడలేదు, కుమారుడే ఆయనను బయలుపరిచాడని యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. ఆ ఒక్క వాదం మీదే శతాబ్దాల తర్వాత, చర్చిలో పటాలు ఉండవచ్చా అన్న గొడవ తేలింది. దేవుడే మనిషై కనబడ్డాడు గనక ఆయన చిత్రం గీయవచ్చని, దానికి గౌరవం ఇవ్వవచ్చని, ఆరాధన మాత్రం దేవుడికే అని 787లో రెండో నైసీయ సభ తీర్మానించింది. అందరూ ఒప్పుకోలేదు, ప్రొటెస్టెంట్ సంఘాలు చాలావరకు ఇప్పటికీ ఒప్పుకోవు. ఆ తగవు ఇక్కడ అనవసరం.

నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. చూసినవాళ్ళకు కూడా చూపు సరిపోలేదు. మత్తయి సువార్త చివరి పేజీలో, తిరిగి లేచిన యేసు ఎదురుగా నిలబడి ఉండగానే, కొందరు సందేహించారని ఉంది. కథ అల్లేవాళ్ళెవరైనా ఆ వాక్యం కొట్టేసి ఉండేవాళ్ళు. లూకా సువార్తలో ఎమ్మాయుకు పోతున్న ఇద్దరు శిష్యులు ఆయనతో దారంతా మాట్లాడుతూ నడిచి కూడా గుర్తుపట్టలేదు. సాయంత్రం ఆయన రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు. గుర్తుపట్టిన వెంటనే ఆయన కనబడకుండా పోయాడు! చూస్తున్నంతసేపు తెలియలేదు, తెలిశాక చూపు మిగల్లేదు. "చూడక నమ్మినవారు ధన్యులు" అని, చూస్తేనే నమ్ముతానన్న శిష్యుడు తోమాతో యేసు అన్న మాటను చూడలేకపోయిన మనకు ఇచ్చిన ఓదార్పు బహుమతిలా చదువుతుంటాం. ఈ రెండు కథలు చదివాక అలా అనిపించదు. చూసినవాళ్ళు మనకంటే గొప్పగా ముందేం లేరు.

రెండో చిక్కు దేవుడి మౌనం. దీని గురించి తక్కువ మాట్లాడడమే మేలు, ఎందుకంటే ఎక్కువ మాట్లాడేవాళ్ళు సాధారణంగా దాన్ని అనుభవించనివాళ్ళు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ ఫిర్యాదుకు బైబిల్లోనే చోటుంది. ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావని పదమూడో కీర్తన అడుగుతుంది. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం అతికించలేదు. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అన్న ఇరవై రెండో కీర్తన మాటను యేసు సిలువ మీద పలికాడు. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఆమె దశాబ్దాల పాటు దేవుడి సన్నిధి తెలియని చీకటిలో గడిపిందని చదివి లోకం విస్తుపోయింది. ఆమెకు మనసు నిలపడం చేతకాదని గానీ, క్రమశిక్షణ లేదని గానీ ఎవరంటారు? మౌనం పడుతున్న మనిషికి చిట్కాలు పనికిరావు. ఏలీయా కథ చూడండి. చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్న ప్రవక్తకు దేవదూత చేసిన మొదటి పని లేపి తిండి పెట్టడం. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టడం. హోరేబు కొండ దగ్గర గాలి, భూకంపం, మెరుపు దాటాక వినిపించిన "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు" స్వరం గురించి అందరూ చెబుతారు. దానికి ముందు రెండు భోజనాలు, రెండు నిద్రలు ఉన్నాయని చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక మూడోది, మనం లేకపోవడం. మనసు నిలవకపోవడాన్ని ఫోన్ కనిపెట్టలేదు. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఇవాగ్రియస్ అనే సన్యాసి మధ్యాహ్నపు దయ్యం గురించి రాశాడు. అది పట్టినవాడికి పగలు యాభై గంటలున్నట్టు ఉంటుందట. ఎండ ఎంతవరకు వచ్చిందో చూస్తాడు, కిటికీలోంచి తొంగి చూస్తాడు, ఎవరైనా సోదరుడు పలకరించడానికి వస్తున్నాడేమోనని అటూ ఇటూ దిక్కులు చూస్తాడు. కిటికీ అన్నచోట తెర అని పెట్టండి, ఇంకేమీ మార్చక్కర్లేదు. క్రైస్తవ వేదాంతుల్లో పేరుమోసిన అగస్టీను అంతటివాడు తన ఆత్మకథ పదో భాగంలో, ఇంట్లో కూర్చుని ఉంటే బల్లి ఈగలను పట్టడం, సాలెపురుగు తన గూటిలో చిక్కిన పురుగును చుట్టేయడం చూస్తూ ఉండిపోతానని ఒప్పుకుంటాడు. 1626లో లండన్ ప్రసంగికుడు జాన్ డన్, తాను మోకరించి దేవుణ్ణీ దూతలనూ పిలిచి, వాళ్ళు వచ్చాక ఒక ఈగ చప్పుడుకో, బండి చప్పుడుకో, తలుపు కిర్రుమన్నందుకో వాళ్ళను వదిలేస్తానని పల్పిట్ మీదే చెప్పాడు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ ఇంకో అడుగు ముందుకేశాడు. మనం కాలక్షేపం కోసం పరిగెత్తేది దాంట్లో సుఖం ఉందని కాదు, గదిలో ఊరికే కూర్చుంటే మన స్థితి మనకు గుర్తొస్తుందని అన్నాడు.

అయితే ఏమీ మారలేదా? మారింది. అగస్టీను ఇంట్లో బల్లికి అగస్టీను మీద ఏ ఆసక్తీ లేదు. అతను ఇంకో పది నిమిషాలు తనను చూస్తే దానికి లాభం లేదు. ఇప్పటి పరధ్యానానికి యజమానులున్నారు. సమాచారం పెరిగేకొద్దీ మనుషుల శ్రద్ధ కరువవుతుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే చెప్పాడు. కరువైన సరుకు చుట్టూ వ్యాపారం పుడుతుంది. 2006లో పేజీకి అంతు లేకుండా కిందికి జారుతూనే ఉండే స్క్రోల్ వచ్చింది. అంతకుముందు పేజీ అయిపోయేది, అయిపోయినచోట మనిషి తలెత్తేవాడు. ఆ తలెత్తే చోటు పోయింది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియని పావురం, ప్రతిసారీ పడే పావురం కంటే విసుగు లేకుండా మీట పొడుస్తూనే ఉంటుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాలు ఎప్పుడో చూపించాయి. ఈ రీల్ బాగోలేదు, వచ్చేది బాగుంటుందేమో. పొడుస్తూ ఉంటాం.

దీనివల్ల విశ్వాసానికి జరిగే నష్టం శబ్దం వల్ల వచ్చేదని అందరూ అంటారు. నాకు శబ్దం కంటే వేగమే ఎక్కువ నష్టమనిపిస్తుంది. మెసేజ్ పంపగానే ఒక టిక్కు, చేరగానే రెండు, చదవగానే నీలి రంగు. రోజుకు వంద సార్లు ఇలా జరిగిన మనసును తెచ్చి ప్రార్థనలో కూర్చోబెడతాం. ప్రార్థనకు నీలి టిక్కులు రావు. చేరిందో లేదో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. మనం అప్పుడు దేవుడు లేడని తీర్మానించుకోం, అంత తీరిక కూడా ఉండదు. కొంచెంసేపు చూసి లేస్తాం. దూడ చేసినవాళ్ళకు నలభై రోజులు పట్టింది. మనకు నాలుగు నిమిషాలు చాలు. విత్తువాడి ఉపమానంలో ముళ్ళపొదల్లో పడ్డ విత్తనం చావదు, మొలుస్తుంది, ముళ్ళు దాన్ని అణిచేస్తాయి. ఐహిక విచారాలు, ధనమోసం, ఇతర ఆశలు అని యేసు వాటికి పేర్లు పెట్టాడు. ఒక్కటి కూడా నాస్తిక వాదం కాదు.

ఫోన్‌ను దయ్యంలా చూపించడం నాకిష్టం లేదు. మంచం దిగలేని మనిషికి వాక్యం వినిపించేది అదే. దూరాన ఉన్నవాళ్ళు కలిసి ప్రార్థించుకునేదీ దాని మీదే. సోషల్ మీడియా ఉపవాసమని నలభై రోజులు ప్రకటించి, నలభై ఒకటో రోజు ఆ అనుభవాన్ని అదే సోషల్ మీడియాలో పోస్టు చేసే సరదా కూడా చూశాం. పాత సన్యాసులకు పరధ్యానం పూర్తిగా పోతుందన్న భ్రమ లేదు. అందుకే వాళ్ళు సంకల్పబలం మీద కాకుండా వేళల మీద ఆధారపడ్డారు. ఆరో శతాబ్దపు బెనెడిక్టు నియమావళి నూట యాభై కీర్తనలూ వారంలో పూర్తయ్యేలా రోజును విభజించింది. గంట కొడితే వెళ్ళాలి. ఇష్టం ఉందా, అనుభూతి కలుగుతోందా అన్న ప్రశ్న లేదు.

సన్యాసులు కానివాళ్ళకు బైబిల్ ఇంకో దారి చూపిస్తుంది, అది మరీ కష్టం. "తాను చూచిన తన సహోదరుని ప్రేమింపనివాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు" అని యోహాను మొదటి పత్రిక. ఆకలిగొన్నవాడికి, జబ్బుపడినవాడికి, చెరసాలలో ఉన్నవాడికి చేసింది నాకే చేశారని మత్తయి 25లో రాజు అంటాడు. కనబడని దేవుడు కనబడే మనిషిని ముందు నిలబెట్టాడు. మనం పరాకు ముందుగా చూపించేది ఆ మనిషి మీదే. ఇంట్లో ఎవరో రోజంతా జరిగింది చెబుతుంటే తెర మీద నుంచి కళ్ళు ఎత్తకుండా ఊఁ కొడతాం. ఆ తర్వాత లేచి వెళ్ళి, ప్రార్థనలో మనసు నిలవడం లేదని బాధపడతాం. నేను ఈ రెండింటినీ చాలాకాలం వేరు వేరు సమస్యలు అనుకున్నాను.

ఇవాగ్రియస్ బోధను పడమటి దేశాలకు మోసుకెళ్ళిన జాన్ కాసియన్ ఐదో శతాబ్దంలో ఒక ముసలి సన్యాసి సలహాను రాసిపెట్టాడు. మనసు పారిపోయిన ప్రతిసారీ దాన్ని తిట్టి లాక్కురావద్దు, ఒక్క వచనం చేతికివ్వు అన్నది ఆ సలహా సారాంశం. నిద్రలో, పనిలో, ప్రయాణంలో అదే వచనం. ఆయన ఎంచుకున్నది డెబ్బయ్యో కీర్తన మొదటి మాట. మన బైబిల్లో అది "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము" అని ఉంటుంది. మఠాల్లో ఈనాటికీ వేళ వేళకూ జరిగే ప్రార్థన ఈ వచనంతోనే మొదలవుతుంది. ఎదురుచూడడమే బతుకుగా పెట్టుకున్నవాళ్ళు, కీర్తనలన్నిట్లోంచి ఏరుకున్నది త్వరగా రమ్మనే వాక్యం. దూడ అడిగిన జనానికి లాగే వాళ్ళకూ తడవు భరించడం కష్టంగానే ఉండేది. ఆ సంగతి వాళ్ళు అహరోనుతో చెప్పలేదు, అంతే.